తుయిసాలా వస్తే ఆరిపోయే తెర

తుయిసాలా గుమ్మం దాటి లోపల అడుగు పెట్టాడో లేదో, తెర ఆరిపోయింది.

మినుకుమనలేదు, గీతలు రాలేదు. అప్పటిదాకా పచ్చగా మెరుస్తున్న పటం కాస్తా ఒక్కసారిగా నల్లబడిపోయింది. కౌంటరు అంచున జనం వైపు తిప్పి పెట్టిన ఆ పెద్ద మానిటర్లో ఇప్పుడు తుయిసాలా ముఖం ఒక్కటే కనిపిస్తోంది. తెల్లజుట్టు, బిగించిన పెదవులు, మెడలో ఎర్రటి మొగలికాయల దండ.

"ఏమైందే?" అన్నాడు.

కౌంటరు వెనక కూర్చున్న మసీనా తన ముందున్న చిన్న తెర చూసుకుంది. అందులో పటం నిక్షేపంగా ఉంది. "ఇక్కడ బాగానే ఉంది పెదనాన్నా" అంది.

"నీకు బాగుంటే చాలా? చూడాల్సింది మేము."

ఆ మాట నోట్లో ఉండగానే వెలుగు తిరిగొచ్చింది. సముద్రపు ఒడ్డు, కొబ్బరిచెట్ల వరస, మోయెలాంగి ఇల్లు, ఇంటిముందు చిన్న తెల్లటి చదరం. ఆ చదరం సమాధి. మోయెలాంగి మొగుడు సెఫోది. సవాయి దీవిలో ఇంటి మనిషి పోతే ఇంటి ముందే పూడుస్తారు. పిల్లలు ఆ సిమెంటు మీదెక్కి ఆడుకుంటారు, పెద్దవాళ్ళు దాని మీద కూర్చుని కోకో తాగుతారు. సమాధి అంటే ఎవరికీ భయం లేదు. దాన్ని కదిలించాలంటేనే భయం.

తుయిసాలా దాన్ని కదిలించడానికే వచ్చాడు. అవతలి దీవి నుంచి ఎవరో హోటలు కడతామంటే ఒడ్డునున్న ఆ జాగా ఇస్తానని మాటిచ్చేశాడు. సెఫో ఆయనకు స్వయానా చిన్నాన్న కొడుకు. అయితేనేం, కుటుంబ భూమి మీద మాట కుటుంబ పెద్దదే. ఎవరు ఎక్కడ ఉండాలో, ఎవరు లేచి పోవాలో ఆయన చెప్తాడు. ఈ భూముల ఆఫీసు పద్ధతి ఒకటే: పటం అందరికీ కనబడేలా తెర మీద పెట్టాలి, సాక్షి చూసి "ఇదే ఆ భూమి" అనాలి, అప్పుడు కుటుంబ పెద్ద సంతకం పెట్టాలి. సాక్షిగా లెవావును తెచ్చుకున్నాడు. సభల్లో తుయిసాలా తరఫున మాట్లాడే ముసలాయన అతను. ముప్పాతిక జీవితం మాటల మీదే గడిపిన మనిషి.

కళ్ళజోడు బండిలో మరిచిపోయానని తుయిసాలా బయటికెళ్ళాడు. వెళ్ళగానే లోపలున్న నలుగురు గుమాస్తాలూ లేచి ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. ఆయన నీడ మళ్ళీ గుమ్మంలో పడగానే నలుగురూ ఎక్కడి వాళ్ళక్కడ కుర్చీల్లో కూలబడ్డారు. పెద్ద మనిషి వచ్చినప్పుడు మన తల ఆయన కళ్ళకంటే ఎత్తున ఉండకూడదు. ఆయనెదుట నిలబడి మాట్లాడటమంత పొగరు ఈ దీవిలో ఇంకోటి లేదు. ఇది ఒకరు నేర్పేది కాదు, నడకతోపాటే వస్తుంది.

తెర మళ్ళీ నల్లబడింది.

లెవావు పటం చూపించబోయి ఎత్తిన చెయ్యి నెమ్మదిగా ఒళ్ళోకి లాక్కున్నాడు.

"సెఫోకి ఇష్టం లేదు" అని గొణిగాడు.

"నోర్మూసుకో" అన్నాడు తుయిసాలా. కానీ ఆ నలుపులో కనిపిస్తున్న తన ముఖం వంకే చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఫాలేసా మానిటర్ మీద పడ్డాడు. మసీనా పక్క కుర్చీలో కూర్చునే భారీ మనిషి అతను, ఏ వస్తువు పాడైనా ముందు చెంప మీద ఒకటి ఇచ్చి చూస్తాడు. మానిటర్‌కీ ఇచ్చాడు. పలకలేదు. ప్లగ్గు పీకి పక్క సాకెట్లో పెట్టాడు. తీగ చివర ఉన్న పిన్నుల్లో ఉప్పు పొడి పట్టిందని ఊది తుడిచాడు. సముద్రం పక్కన ఏ ఇనుమైనా అంతే.

"కాసేపు ఊరుకుంటే నిద్రపోయే ఏర్పాటు ఏదో ఉంటుందట, అది తీసెయ్యి" అన్నాడు.

"తీసేశాను. ఎప్పుడూ మెలకువగా ఉండమన్నాను" అంది మసీనా.

"మా ఆవిడకి కూడా చెప్పు ఆ మాట."

మధ్యాహ్నం పడవలో ఇలైయా దిగాడు. దీవుల మధ్య తిరుగుతూ ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేసేవాడు. మానిటర్‌ను బోర్లా పడుకోబెట్టి, వెనక మరలు విప్పి, మూత ఎత్తాడు. లోపల పలక మీద ఎండి వడియంలా అయిపోయిన బల్లి ఒకటి దొరికింది.

"ఇదుగో మీ సెఫో" అన్నాడు తోక పట్టి ఎత్తి చూపిస్తూ.

అందరూ పగలబడి నవ్వారు. అవసరమైనదానికంటే ఎక్కువే నవ్వారు. ఇలైయా పలకంతా బ్రష్షుతో తుడిచి, మూత బిగించి, కౌంటరు అవతల నిలబడి సాయంత్రం పడవ వేళ దాకా దాన్నే చూస్తూ కొబ్బరిపాల బన్నులు తిన్నాడు. వేరే మానిటర్ తగిలిస్తే ఎలా ఉంటుందో చూద్దామంటే ఆఫీసులో అంత పెద్దది ఇంకోటి లేదు. తెర ఒక్కసారి కూడా ఆరలేదు. పెద్దమనుషులెవరూ రాని రోజు అది. గుమాస్తాలు లేవడం, కూర్చోవడం ఎవరి తీరికన వాళ్ళు చేస్తున్నారు.

"బాగైపోయింది పెదనాన్నా" అని మసీనా ఫోన్ చేసి చెప్పింది. బాగైపోతే మోయెలాంగి ఇల్లు పోతుంది.

బుధవారం తుయిసాలా వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచాడు. లోపల అడుగు పెట్టాడు. తెర ఆరిపోయింది.

బయట వరండాలో చాపల మీద కూర్చున్న జనంలో ఎవరో ముసలమ్మ దేవుడి పేరు తలుచుకుంది. లెవావు ఇక కౌంటరు దగ్గరికి కూడా రాలేదు. "బల్లి పోయింది, అది పోలేదు" అన్నాడు గుమ్మం దగ్గరే చతికిలబడి.

తుయిసాలా కౌంటరు మీదికి వంగి మసీనా చెవి దగ్గర అన్నాడు. "చిన్నప్పటినుంచీ మోయెలాంగి ఇంట్లో తిన్నావు. మీటలన్నీ నీ చేతికిందే ఉన్నాయి. నేను అనుకుంటున్నది నిజం కాకూడదని కోరుకో."

"నేనేం చెయ్యలేదు పెదనాన్నా. ఒట్టు."

"ఈ ఉద్యోగం ఎవరిప్పించారు నీకు?"

"మీరే."

"గుర్తుంది కదా, అదే చాలు."

ఆ సాయంత్రం మసీనా మోయెలాంగి ఇంటికెళ్ళింది. మోయెలాంగి సెఫో సమాధి మీద కాళ్ళు చాపుకుని మొగలాకు చీలికలతో చాప అల్లుతోంది. చీలిక చీలికనీ బొటనవేలి గోటితో నొక్కి సరిచేసి, తర్వాతి దాని కిందికి తోస్తోంది. ఊరంతా అనుకుంటున్న మాట ఆమె చెవినా పడింది.

"మీ ఆఫీసులో మా ఆయన తిరుగుతున్నాడటగా?"

"అట్లాగే అంటున్నారు పిన్నీ."

"అమాయకురాలా! బతికున్నన్నాళ్ళు అన్న ముందు ఒక్కసారి నోరెత్తాడా ఆ మనిషి? తలొంచుకుని సరే అనడమే. చచ్చాక ధైర్యం ఎక్కడినుంచొస్తుంది?" చాపను మోకాలి మీద వేసి చదును చేసింది. "ధైర్యమే ఉంటే నాకు చెప్పకుండా మీ ఆఫీసుకెందుకెళ్తాడు? నేను ఇక్కడే కూర్చున్నానుగా రోజంతా, ఆయన నెత్తి మీద."

మసీనాకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఒకవేళ వెళ్ళాల్సొస్తే ఎక్కడికెళ్తావు?"

మోయెలాంగి తల ఎత్తలేదు. గోటితో చీలికలు నొక్కుతూనే ఉంది. "మా పుట్టింటి దీవిలో నన్నెరిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. వెళ్తాను, ఏదో మూలకి. మరి ఈయన? ఎముకలు గుడ్డలో మూటకట్టి పడవలో ఒళ్ళో పెట్టుకుని కూర్చోనా? టిక్కెట్టు అడుగుతారేమో" అంది. తన మాటకు తానే నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

గురువారం మధ్యాహ్నం వాన దంచికొట్టింది. తిండివేళ. ఆఫీసులో మసీనా ఒక్కతే ఉంది. గాజుపలకల కిటికీలు మూసి, కౌంటరు అవతలికెళ్ళి, తుయిసాలా నిలబడే చోట నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియదు. ఆయనకేం కనబడుతోందో చూడాలనిపించింది, అంతే. తెర మీద మోయెలాంగి జాగా పటం వెలుగుతోంది. వాన చప్పుడు తప్ప ఇంకో శబ్దం లేదు.

"సెఫో బాబాయ్" అంది మెల్లగా. "నువ్వేనా?"

తెర నల్లబడింది.

మసీనా ఒక అడుగు వెనక్కి వేసింది. నల్లటి అద్దంలో తన ముఖం, ఆ ముఖం వెనక ఎవరిదో పెద్ద ఆకారం కదిలింది. అరవబోయింది.

"ఏంటి, అక్కడ నిలబడి ఎవరితో కబుర్లు?" అన్నాడు ఫాలేసా. వాన చప్పుడులో వెనక తలుపు నుంచి తడిసి ముద్దై వచ్చి అప్పుడే తన కుర్చీలో పడ్డాడు. చేతిలో అనాసపండు పై. కానీ అతను ఎదురుగా కౌంటరు వెనక ఉన్నాడు, నల్లటి గాజులో ఆమె వెనక కదిలిన ఆకారం అతనిది కాదు. వెనక్కి తిరిగి చూస్తే వరండా గుంజకు వేలాడదీసిన వానకోటు గాలికి ఊగుతోంది.

వెలుగు తిరిగొచ్చింది.

మసీనా తెరనీ ఫాలేసా కుర్చీనీ మార్చి మార్చి చూసింది. "లే" అంది.

"ఇప్పుడే కూర్చున్నానే తల్లీ."

"లేచి మళ్ళీ కూర్చో. ఇందాకట్లాగే. దబ్బున."

"పూనిందా నీకు?" అంటూనే లేచి కూర్చున్నాడు. కుర్చీ కింద గొట్టం బుస్సుమంది. తెర నల్లబడింది.

న్యూజిలాండులో ఏదో ఆఫీసు మూసేస్తే అక్కడివాళ్ళు పంపిన కుర్చీలు అవి. మీట నొక్కితే పైకి లేస్తాయి, కిందికి దిగుతాయి. వాళ్ళిద్దరూ వాన తగ్గేదాకా ఒక్కో కుర్చీలో లేచి కూర్చుని చూశారు. నెమ్మదిగా కూర్చుంటే ఎప్పుడో ఒకసారి ఆరేది, ఎక్కువసార్లు ఆరేది కాదు. కూలబడితే ఆరేది. నాలుగు కుర్చీల్లో ఒకేసారి నలుగురు కూలబడితే ఇంక చెప్పాలా? ఆ తెర జనం వైపు తిరిగి ఉంటుంది గనక ఇన్నాళ్ళూ కూర్చునేవాళ్ళకు కనబడలేదు.

ఫోన్‌లో ఇలైయా విన్నాడు, ఈల వేశాడు. "విన్నాను ఎక్కడో, చూడలేదెప్పుడూ. ఆ గొట్టాల కుర్చీలు నొక్కుకుపోయినప్పుడు చిన్న కరెంటు పుడుతుంది. ఆ పెద్ద మానిటర్‌కి పోయే తీగ చవకది, పొడుగు, గాల్లో ఉన్నదంతా లాక్కుంటుంది. వచ్చే వారం మంచి తీగ తెస్తాను. ఈలోగా ఏ ప్లాస్టిక్ కుర్చీలో వేసుకోండి, సరి."

ఫోన్ పెట్టేశాక ఫాలేసా పొట్ట పట్టుకుని నవ్వాడు. "అంటే దెయ్యం మన పిర్రల కింద ఉందన్నమాట!"

మసీనా నవ్వలేదు. "ఎవరికీ చెప్పకు. తీగ తేవద్దని ఇలైయాకి నేను చెప్తాను" అంది.

"ఎందుకూ?"

"సెఫో బాబాయే ఆపుతున్నాడనుకోనీ. ఇల్లు నిలబడుతుంది."

ఫాలేసా నవ్వు ఆపేసి ఆమెను చూశాడు. తర్వాత తల ఊపాడు.

కానీ ఆ సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు. తుయిసాలా ఇంట్లో రాత్రి భోజనాల వేళ మసీనా పళ్ళెం అందించి విసనకర్రతో ఈగలు తోలుతోంది. కాల్చిన సీమపనస ముక్క తుంచుతూ ఆయన లెవావుతో అన్నాడు:

"శనివారం ఊరి సభ పెట్టించు. మోయెలాంగి సంగతి తేల్చేద్దాం."

"ఏం తేలుస్తాం?"

"చచ్చినవాణ్ణి లేపి నా మీదికి ఉసిగొల్పింది. రోజూ ఆ సమాధి మీద కూర్చుని చేసేదేమిటనుకున్నావు, చాప అల్లడమా? ఊళ్ళోంచి వెళ్ళగొడదాం. ఇంటికి నిప్పు పెడితే దాని పీడా దాని మొగుడి పీడా ఒకేసారి వదుల్తుంది."

విసనకర్ర మసీనా చేతిలో ఆగిపోయింది. పెదనాన్న ముఖంలోకి చూసింది. ఆయన కోపంగా లేడు. భయంగా ఉన్నాడు. భయపడ్డ మనిషి ఏమైనా చేస్తాడని ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది. ఊరు వెలేసిన మనిషికి ఈ దీవిలో నీళ్ళు పోసేవాళ్ళు కూడా ఉండరు.

"పెదనాన్నా, అది దెయ్యం కాదు" అంది. "కుర్చీలు."

చెప్పేసింది. గొట్టాలు, తీగ, కూలబడటం, అంతా. చెప్తుంటే తన చేతులతో తానే ఆ ఇంటి వాసాలు పీకుతున్నట్టనిపించింది. తుయిసాలా మొదట నమ్మలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత ఆయన భుజాలు కిందికి జారాయి, పళ్ళెం పక్కకు నెట్టి గట్టిగా నవ్వాడు.

"విన్నావా లెవావూ! నేను రాగానే వీళ్ళు కూర్చుంటున్నారు, అందుకని ఆరిపోతోంది. అంతే! అయితే రేపు ఎవరూ కూర్చోకండి. అయిపోయె."

"కూర్చోకుండానా?" అన్నాడు లెవావు.

"రెండు నిమిషాల పని. కొంపలేం మునగవు."

ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే సరిపోతుందని మసీనాకు తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం వరండా నిండా జనం. మార్కెట్టు రోజు, పైగా దెయ్యం చూడ్డానికి వచ్చినవాళ్ళు కొందరు. లోపల నలుగురు గుమాస్తాలూ కుర్చీల పక్కన నిలబడి ఉన్నారు. నేల మీద చాప వేసుకుని కూర్చోవచ్చు కదా అని నలుగురిలో ఎవరికీ తోచలేదో, తోచినా అనలేదో, మొత్తానికి ఎవరూ అనలేదు.

తుయిసాలా లోపలికొచ్చాడు.

మసీనా మోకాళ్ళు వాటంతటవే వంగబోయాయి. కౌంటరు అంచు గట్టిగా పట్టుకుంది. పక్కన ఫాలేసా చెమటలు కక్కుతున్నాడు. ఎవరూ కూర్చోలేదు. తెర వెలుగుతూనే ఉంది.

"చూశావా?" అన్నాడు తుయిసాలా. "సెఫో లేడు, గిఫో లేడు. చూసి చెప్పు, ఇదే భూమి అని."

లెవావు తెర చూడటం లేదు. నిలబడ్డ నలుగురినీ చూస్తున్నాడు. బయట వరండాలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తలలు కిటికీల వైపు తిరిగాయి. వాన పడేముందు చెట్లు ఆగినట్టు అంతా ఆగింది.

"వాళ్ళెందుకట్లా నిలబడ్డారు?" ఒక ఆడగొంతు అంది.

"ఆయన ముందేనా? ష్, పెద్దరికం తీసేశారేమో" అంది ఇంకో గొంతు.

తుయిసాలాకు వినబడింది. చెవులు ఎర్రబడ్డాయి గానీ తిరిగి చూడలేదు. కలం తీశాడు. కాగితం కౌంటరు మీద ఉంది, సంతకం పెట్టాలంటే వంగాలి. వంగాడు. మసీనాకు జీవితంలో మొదటిసారి పెదనాన్న నడినెత్తి కనిపించింది. జుట్టు పలచబడి, చర్మం పసిపిల్లాడి మాడులా మెత్తగా ఉంది. చూడకూడనిది చూసినట్టు ఆమె ఒళ్ళు జలదరించింది. చూపు తిప్పుకోవాలనుకుంది, తిప్పుకోలేకపోయింది.

కలం కాగితానికి తగలలేదు. ఆయన వంగినవాడు వంగినట్టే తల ఎత్తాడు. చుట్టూ నిలబడ్డ ముఖాలన్నీ పైనుంచి ఆయన్నే చూస్తున్నాయి. పూడ్చేముందు గోతి చుట్టూ నిలబడే జనం కూడా ఇట్లాగే చూస్తారు. పక్కన తెర దివ్యంగా వెలుగుతోంది, దాని మధ్యలో ఆ తెల్ల చదరం.

"తుయిసాలా" అన్నాడు లెవావు గుమ్మం దగ్గరనుంచి. "నీ కోసం ఎన్ని సభల్లో మాట్లాడానో నాకే లెక్క లేదు. ఇట్లా నిలబడ్డ మనుషుల మధ్య నాకు నోరు పెగలడం లేదు. నన్ను వదిలెయ్యి."

తుయిసాలా మెల్లగా నడుం ఎత్తాడు. ఆయన కళ్ళు మసీనా కళ్ళకు సూటిగా ఎదురయ్యాయి. ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి. భయమేసింది ఆమెకు, జాలీ వేసింది. అయినా కూర్చోలేదు.

"కూర్చోండి" అన్నాడు ఆయన.

ఎవరూ కదల్లేదు.

"కూర్చోండి అంటున్నానా!"

నలుగురూ కూలబడ్డారు. కుర్చీలన్నీ ఒక్కసారిగా బుస్సుమన్నాయి. తెర నల్లబడింది. ఆయన అందులోకి ఒకసారి చూసుకున్నాడు. కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. వెలుగు తిరిగొచ్చేదాకా ఆగలేదు. గుమ్మంలో చెప్పులు వేసుకుని, కూర్చున్నవాళ్ళ మధ్య నడిచేటప్పుడు ఎవరైనా వంగినట్టే నడుం కొద్దిగా వంచి, జనం మధ్యనుంచి దారి అడుగుతూ వెళ్ళిపోయాడు. వాళ్ళంతా తలలు దించుకున్నారు. లెవావు ఆయన వెనకే పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

పటం తిరిగొచ్చింది. దాని ముందు ఎవరూ లేరు. కౌంటరు మీద కాగితం సంతకం లేకుండా పడి ఉంది. మసీనా దాన్ని తీసింది, ఫాలేసా అందుకుని సొరుగులో పెట్టాడు.

"మళ్ళీ వస్తాడంటావా?" అన్నాడు.

"వస్తే కూర్చుందాం" అంది మసీనా.